గోలెంలో పోసిన నీళ్లు

బాలస్వామి వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయడు. పెళ్లివాళ్లు కారులో కూచుని ముహూర్తం దాటిపోతోందని మొత్తుకున్నా తీయడు. స్టూలు వేసుకుని కూచుంటాడు, చాయ్ తెప్పించుకుంటాడు, మధ్యమధ్య లేచి రేడియేటర్ గొట్టాన్ని వేళ్లతో తాకి చూసి మళ్లీ కూచుంటాడు. హైదరాబాదులో అతనికి పని నేర్పిన ఉస్తాద్‌కు ముఖం ఒక పక్క కాలిపోయి ఉండేది. ఎప్పుడో తొందరపడి మూత తిప్పితే ఆవిరి తన్నిన ముఖం. ఆ ముఖానికి ఎదురుగా కూచుని ఎనిమిదేళ్లు అన్నం తిన్నవాడికి తొందర ఎట్లా వస్తుంది?

మర్రిగూడ రోడ్డు మీద అతను రేకుల షెడ్డు వేసుకుని పద్నాలుగేళ్లయింది. చుట్టుపక్కల కిరాయి కార్లు నడిపేవాళ్లందరికీ అతని మాటంటే గురి. పని ఆలస్యం చేస్తాడని తిట్టుకుంటూనే అతని దగ్గరికే వస్తారు. రేడియేటర్‌లో ఆ ప్రాంతపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు పోస్తే మాత్రం ఊరుకోడు.

"గీ నీళ్లు మా బాపు మోకాళ్లనే వంచినయి. ఇనుమును ఇడుస్తయా?" అంటాడు.

అతను పుట్టిన ఊరు కూడా ఆ పక్కనే. వారానికోసారి ట్యాంకర్ వచ్చే కాలంలో పెరిగాడు. ముఖం కడిగిన నీళ్లు చెట్టుకు పోయాలి, బియ్యం కడిగిన నీళ్లు గొడ్లు తాగే గోలెంలో పోయాలి, నేల మీద పారబోస్తే తల్లి వీపు మీద ఒక్కటి వేసేది. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది, ఊళ్లో ఫిల్టర్ నీళ్ల డబ్బాలు దొరుకుతాయి. అయినా ఆ ప్రాంతంలో నలభై దాటిన ఎవరి చేతికైనా బకెట్ ఇచ్చి ఇవి పారబొయ్యి అంటే, ఆ చెయ్యి ముందు చుట్టూ చూస్తుంది, ఎక్కడ పోస్తే అక్కరకొస్తాయా అని.

రెండేళ్ల కింద శ్రావణంలో ఒక పొద్దున నర్సింహ ఫోన్ చేశాడు. గొర్లు కాసే గోపయ్య, గుర్వమ్మల కొడుకు. సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ కారు తీసుకుని హైదరాబాదుకు కిరాయిలు కొడుతున్నాడు.

"అన్నా, రాత్రి మాల్ ఊరి కాడ వేడి ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. ఎట్లనో ఇంటికి దెచ్చిన. ఇగ షెడ్డుదాంక నడపాలంటే భయమైతాంది."

"నడపకు. మూత తీసినవా?"

"లేదన్నా. నీ తిట్లు యాదికొచ్చినయి."

బాలస్వామి బైకు మీద సామాను కట్టుకుని వెళ్లాడు. వాళ్ల ఇల్లు ఊరి చివర, పత్తి చేలకు ఆనుకుని ఉంది. వాకిట్లో ఒక పక్క కారు, ఇంకో పక్క గొర్ల దొడ్డి. మందను తోలుకుని గోపయ్య అప్పటికే గుట్ట వైపు పోయాడు. దొడ్డిలో నెల దాటిన గొర్రెపిల్లలు ఐదు, కాలు విరిగి అతుక్కున్న ఒక కుంటి గొర్రె ఉన్నాయి. తల్లి చచ్చిపోతే గుర్వమ్మ సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె అది. గుర్వమ్మ ఎక్కడికి పోతే దాని మెడ అటు తిరుగుతుంది.

ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంది. అయినా బాలస్వామి గొట్టాన్ని తాకి చూసి, మందపాటి గుడ్డ వేసి, మూతను కొంచెం తిప్పి ఆగి, మళ్లీ తిప్పాడు. లోపల ఉన్నది చూసి ముఖం చిట్లించాడు. చిక్కగా, ఆకుపచ్చకూ గోధుమరంగుకూ మధ్య ఏదో రంగు, అంచున ఎర్ర జీర.

"ఏం పోసినవ్‌ర ఇండ్ల?"

"పట్నంల దుకాణపాయన ఇచ్చిన కూలెంటే. ఆకుపచ్చది. నీళ్లు కలపమన్నడు గని, అసలు సరుకే పోసిన. కల్లుల నీళ్లు కలిపితే మనం ఊకుంటమా అన్నా?"

"ఇది కల్లు గాదు తమ్మీ. నీళ్లు కలిపితెనే ఇది వేడిని మోస్తది. మరి గీ ఎర్రటిదేంది?"

"అది తక్కువైతే మొన్న ఇంకో డబ్బలకెల్లి పోసిన. రంగు మంచిగ కొట్టింది."

"రంగు జూసి కొనెతందుకు చీరనా?"

చాట దగ్గర కూచున్న గుర్వమ్మ నవ్వింది. "చీర గూడ వాడు రంగే జూస్తడు బాలస్వామీ. పోయినసారి తెచ్చిన చీర ఒక్క ఉతుకుకే ఎలిసిపాయె."

బాలస్వామి కారులోంచి దాని పుస్తకం తీయించాడు. అతను చదివింది ఏడో తరగతే. పుస్తకంలో కూలెంట్ రకానికి వేసిన ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఎక్కడుంటాయో మాత్రం అతనికి బాగా తెలుసు. తను తెచ్చిన డబ్బాను ఆ పేజీ పక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోల్చి చూశాడు. రెండూ ఒకటే. డబ్బా ముందువైపు మాత్రమే చదివాడు. వెనక వైపు సన్నటి అక్షరాలు చీమల బారులా ఉంటాయి. వాటితో అతనికి ఎన్నడూ పని పడలేదు.

రేడియేటర్ కింది బిరడా విప్పి పాత సరుకును తొట్టిలోకి దింపాడు. ఆ చిక్కటిదాన్ని ఇంటి వెనక కసువు గుంటలో పోసి మట్టి కప్పాడు. ఇంజన్ లోపల ఇంకా సగం మిగిలే ఉంటుంది, దాన్ని కడగాలి. ఫిల్టర్ నీళ్ల డబ్బాలు రెండు తెమ్మన్నాడు.

గుర్వమ్మ చాట వదిలేసి లేచింది. "ఓ నీ తల్లి! ఫిల్టర్ నీళ్లు మోటరుకా? మా అత్త గా నీళ్లు కండ్ల సూడకనే పాయె. దీనికి గంత సోకా?"

"బోరు నీళ్లతోని కడిగితే లోపట సున్నం పడ్తదత్తా."

"కడుగు నాయినా, కడుగు. వచ్చే జన్మల మోటరై పుడ్త."

మొదటి డబ్బా పోసి, బండి కొంచెంసేపు నడిపించి, ఆపి, పూర్తిగా చల్లారే దాకా ఆగి కిందికి దింపాడు. లేత పసుపు కలిసిన నీళ్లు. బకెట్ నిండింది. ఫిల్టర్ నీళ్లు. అతని చెయ్యి బకెట్‌ను ఎత్తింది, కళ్లు వాకిలి చుట్టూ చూశాయి. దొడ్డి పక్కన గోలెం ఖాళీగా ఉంది.

"ఇండ్ల పొయ్యనా అత్తా?"

గుర్వమ్మ తొంగి చూసింది. "మంచియేనా?"

"ఫిల్టర్ నీళ్లే గదా. జర మోటరు కడిగిన మురికి, అంతే."

"నువ్వు మంచియే అంటే పొయ్యి."

పోశాడు. రెండోసారి కడిగిన నీళ్లు ఇంకా తేటగా వచ్చాయి. అవీ పోశాడు.

తర్వాత కొత్త కూలెంట్‌ను, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్లను ఒకే కప్పుతో కొలిచి సగం సగం కలిపాడు. సన్నటి ధారగా పోశాడు. బండి స్టార్ట్ చేయించి, హీటర్ పెట్టించి, గొట్టాన్ని పిసుకుతూ బుడగలు పైకి వచ్చేదాకా నిలబడ్డాడు. గాలి పోయింది. పక్క డబ్బాలో మట్టం రెండు గీతల మధ్యకు వచ్చి నిలిచింది. ముల్లు ఎక్కడుండాలో అక్కడుంది. ఆ పనిలో ఉండగానే ఒకసారి తలతిప్పి చూశాడు. దొడ్డి తడిక తోసుకుని పిల్లలు గోలెం చుట్టూ చేరాయి. కుంటి గొర్రె మూతి ముంచి ఆగకుండా తాగుతోంది. బోరు నీళ్లయితే వాసన చూసి తల తిప్పేసుకునే జీవాలు, అడుగు దాకా నాకుతున్నాయి.

"మంచి నీళ్లకు ఎంత మొగమాసినయో" అనుకుని నవ్వుకున్నాడు.

జొన్నరొట్టె తిని, నర్సింహతో కలిసి కారును చండూరు రోడ్డు దాకా నడిపి చూసి, తిరిగి వచ్చేసరికి గుర్వమ్మ వాకిట్లో గుండెలు బాదుకుంటోంది.

పిల్లలు నిలబడలేకపోతున్నాయి. ఒకటి నాలుగడుగులు వేసి, కాళ్లు ఒకదానికొకటి అడ్డంపడి, పక్కకు ఒరిగింది. లేచింది. మళ్లీ ఒరిగింది. కల్లు తాగినవాడి నడక. రెండు అప్పటికే నేల మీద పడి మెడలు వెనక్కి వాల్చి ఉన్నాయి. కుంటి గొర్రె గోడకు తల ఆనించి నిలబడి ఉంది. గుర్వమ్మ పిలిచినా అటు తిరగడం లేదు.

"ఎల్లేష్‌గాడు మందు కొట్టిండు! పొద్దుగాల్నించి పత్తికి మందు కొడ్తనే ఉన్నడు. గట్టు మీది గడ్డి కోసుకొచ్చి ఏసిన, నా చేతులు ఇర్గ!"

నర్సింహ పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసి, చేలోకి పరుగెత్తాడు. వీపు మీద మందు డబ్బా ఉన్నవాణ్ని ఉన్నట్టే అంగీ పట్టుకుని లాక్కొచ్చాడు. ఎల్లేష్ వాళ్లకు దాయాది, సన్నటి మనిషి.

"నేను కొట్టింది అవతలి మడికి! గాలి అటు పోతాంది. జర సూడు నర్సింహా, కండ్లున్నయా నీకు?"

"నా కండ్ల సంగతి తర్వాత. పిల్లలకేమన్నయితే నిన్ను గా డబ్బాతోనే తానం జేపిస్త."

"పెద్దమ్మా, నువ్వన్న చెప్పు! నీ గొర్లకు నేను జేస్తనా?"

గుర్వమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని ఏడుస్తోంది.

బాలస్వామి నీళ్లు తెద్దామని గోలెం వైపు వెళ్లాడు. గోలెం ఖాళీగా ఉంది. అంచుకు ఒక లేత పసుపు చార ఉంది, ఎండకు జిగురుగా మెరుస్తోంది.

అతని అడుగు అక్కడే ఆగిపోయింది.

షెడ్డులో కారు కింద తడి కనబడితే ఉస్తాద్ వేలితో అద్ది నాలుక చివరకు తగిలించి ఉమ్మేసేవాడు. ఉప్పగా ఉంటే బోరు నీళ్లు, తియ్యగా ఉంటే కూలెంట్. బాలస్వామి కూడా అట్లాగే చేస్తాడు, ఇరవై ఏళ్లుగా. అది తియ్యగా ఉంటుందని అతనికి తెలుసు. తియ్యగా ఉన్నదాన్ని గొర్రె వదలదని పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసిన ఆ రెండు సంగతులను ఒకదాని పక్కన ఒకటి ఎన్నడూ పెట్టి చూడలేదు.

నర్సింహ అరుస్తున్న మాటలు దూరం నుంచి వినబడుతున్నాయి. బాలస్వామికి తన షెడ్డు వెనక గుంట కనబడింది. పన్నెండేళ్లుగా పాత కూలెంట్ పోస్తున్న గుంట. వానాకాలం దాని చుట్టూ మేకలు ముసురుతాయి. షెడ్డులో పడుకునే నల్ల కుక్క అంతకు ముందు ఏడు ఇట్లాగే తూలి తూలి పడి చచ్చిపోయింది. ఎవడో విషం పెట్టాడని అతనే నాలుగు రోజులు తిట్టాడు.

చెప్పాలి. నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. ఎల్లేష్ అంగీ గుండీలు తెగి కింద పడ్డాయి. నర్సింహ వాణ్ని గోడకు అదిమాడు. బాలస్వామి చూస్తూ నిలబడ్డాడు. కావచ్చు, మందే కావచ్చు, అని ఒక మాట లోపల్నించి వచ్చింది. ఆ మాటను పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టర్ స్నేహలత స్కూటీ మీద వచ్చింది. చిన్న వయసు, మర్రిగూడకు వచ్చి ఏడాదే. వచ్చీ రాగానే కూచుని పిల్లల కనురెప్పలు ఎత్తి చూసింది.

"పత్తి మందు మేడం. గీడు కొట్టిండు" అన్నాడు నర్సింహ.

"మందైతే నురగ రావాలె, నోట్ల నురగ లేదు. కంటిపాప గూడ చిన్నగ కాలేదు" అందామె, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు. "ఇంకేమన్నా తిన్నయా? తాగినయా?"

"గడ్డి తిన్నయమ్మా. గోలెంల నీళ్లు తాగినయి. మంచియే, ఫిల్టర్వి. మా బాలస్వామే పోసిండు" అంది గుర్వమ్మ.

ఆమె అతని వైపు చూపించిన చేతిలో అనుమానం లేదు. చుట్టాన్ని పరిచయం చేసినట్టే చూపించింది.

ఇంకేదీ తేలక స్నేహలత పెట్టె తెరిచి సిరంజిలోకి మందు ఎక్కించసాగింది. పురుగుమందుకు విరుగుడు. ఒక పిల్ల తోలు ఎత్తి పట్టుకుంది.

"సూది ఏయకుండ్రి మేడం."

ఎవరి గొంతో అనిపించింది బాలస్వామికి. అందరూ తిరిగి చూశారు.

"గడ్డి గాదు. నేను పోసిన నీళ్లే. ఫిల్టర్ నీళ్లే గని, కూలెంట్ కడిగినయి."

నర్సింహ చెయ్యి ఎల్లేష్ అంగీ మీదనే ఉండిపోయింది.

"డబ్బా ఏది?" అంది స్నేహలత.

తెచ్చి ఇచ్చాడు. ఆమె ముందువైపు చూడలేదు. వెనక్కి తిప్పి, చీమల బారుల మీద వేలు పెట్టి చదివింది. "మింగితే ప్రాణాపాయం. పిల్లలకు, పశువులకు అందకుండ పెట్టాలె. కిందనో, మోరీలనో పారబొయ్యొద్దు." తలెత్తింది. "రాసే ఉన్నది గదా, చదవలేదా?"

బాలస్వామి పుస్తకం చూసి అక్షరం అక్షరం పోల్చింది ఆ డబ్బానే.

స్నేహలత లేచి ఎవరికో ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడింది. తర్వాత నర్సింహతో, "బ్రాందీ దొరుకుతదా ఇక్కడ? తొందరగ తే" అంది.

"మందా? పాలు తాగే పిల్లలకు మందా?" గుర్వమ్మ ఒళ్లోని పిల్లను దగ్గరికి లాక్కుంది. "అవి తాగినోని తీరే తూలుతున్నయి, మళ్ల తాపుతవా తల్లీ?"

"అవ్వా, విను. లోపటికి పోయింది ఇంకా సగమే విషమైంది. కాలేయం దాన్ని విషంగ మారుస్తది. సారా ఇస్తే కాలేయం ముందు సారా పని పట్టుకుంటది, దీన్ని ఇడుస్తది. ఆలోపు అది మూత్రంల బయటికి పోవాలె. కుక్కలకు ఇస్తరని చదువుకున్న. గొర్లకు నేనెన్నడు ఇయ్యలె. మాట ఇయ్యలేను."

నర్సింహ సీసా తెచ్చేసరికి రెండు పిల్లలు పోయాయి. మిగిలిన మూడింటికీ, కుంటి గొర్రెకూ తూకం చూసి, సిరంజితో కొలిచి, నీళ్లు కలిపి, సన్నటి గొట్టంతో కడుపులోకి దింపింది. సెలైన్ పెట్టింది. బాలస్వామి సీసాను ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎల్లేష్ మందు డబ్బా దింపి, చేతులు సబ్బుతో తోముకుని వచ్చి, ఎవరూ అడగకుండానే ఒక పిల్ల తల పట్టుకున్నాడు.

పోయే ముందు స్నేహలత చెప్పింది. "మూడు రోజులు కనిపెట్టాలె. మూత్రం పోస్తే బతికినట్టు. ఆగిపోతే మూత్రపిండాలు పాడైనట్టు. ఒక గంట ముందు తెలిసుంటే ఆ రెండు గూడ... ఏమో."

గుర్వమ్మ అప్పుడు బాలస్వామిని చూసింది. తిట్టలేదు.

"మంచియే అన్నవు గద బాలస్వామీ" అంది.

ఆ సాయంత్రమే అతను పార తీసుకుని కసువు గుంటలో కప్పిన మట్టినంతా తవ్వి, తడి ఉన్నంత మేర మూత ఉన్న డబ్బాలకు ఎత్తాడు. గోలెంను తోమి ఆ నీళ్లనూ డబ్బాకే పట్టాడు. తెల్లారి షెడ్డు వెనక గుంట చుట్టూ ముళ్లకంప కొట్టి, షెడ్డుకు తాళం వేసి గుర్వమ్మ వాకిటికి వచ్చాడు. మూడు రోజులు పొద్దున వచ్చి మసక చీకటికి పోయాడు. పని ఒక్కటే. నాలుగు జీవాల వెనక కూచుని, ఎప్పుడు మూత్రం పోస్తాయా అని చూడటం. దారిన పోయేవాళ్లు ఆగి నవ్వారు.

"ఏందే బాలస్వామీ, ఇప్పుడు గొర్లకు లీకేజీ చూస్తున్నవా?"

రెండో రోజు ఒక పిల్ల పొట్ట ఉబ్బి, ఒక్క చుక్కా పోయకుండా మధ్యాహ్నానికి పోయింది. బాలస్వామే పొలం గట్టున లోతుగా గుంట తవ్వి పూడ్చిపెట్టాడు. కుక్కలు తవ్వకుండా బండలు పేర్చాడు.

మూడో రోజు పొద్దున కుంటి గొర్రె గోడ పక్క నుంచి నాలుగడుగులు వేసి, వెనక కాళ్లు ఎడంగా పెట్టి, చాలాసేపు పోసింది. కాసేపటికి ఒక పిల్ల, దాని వెనక ఇంకో పిల్ల. గుర్వమ్మ చూరు కింది నుంచి పరుగున వచ్చింది. గొర్రె మెడ ఆమె వైపు తిరిగింది. ఆమె దాని మెడ పట్టుకుని కూలబడింది. తడి నేల మీదే.

కొంగుతో ముఖం తుడుచుకుని అంది. "పోనీ తియ్యి బాలస్వామీ. నీకు తెల్వకపాయె. తెలిస్తే పోస్తువా? తెలిసినంక నువ్వే చెప్పితివి. ఇంకోడైతే ఎల్లేష్‌గాని మీదికి తోసి ఊకుండేటోడు."

బాలస్వామికి ఆ మాట అక్కడితో తీసుకుని లేచిపోవాలనిపించింది. లేవలేకపోయాడు.

"అత్తా, తెలిసినంక గూడ చెప్పలె."

"ఏంది?"

"డాక్టరమ్మ రాకముందే తెలిసింది. గోలెం కాడ నిలబడ్డప్పుడే. నర్సింహ వాని అంగీ చింపుతాంటే సూస్కుంట నిలబడ్డ. అర్ధగంట. పిల్లలు రెండు అప్పటికింక బతికే ఉన్నయి."

గుర్వమ్మ చెయ్యి గొర్రె మెడ మీద ఆగింది. అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు కింద బాలస్వామి కదలకుండా కూచున్నాడు. దొడ్డిలో పిల్ల అరిచింది. ఆమె లేవలేదు.

"నాకెందుకు చెప్పినవ్‌ర?" అంది. "నేను నిన్ను ఇడిచిపెట్టి కూసున్న గద."

గుర్వమ్మ గొర్రె మెడ వదిలి పత్తి చేను వైపు చెయ్యి చూపించింది.

"నాకు చెప్పుడు అయిపోయింది. అంగీ చినిగింది నాది గాదు. ఎల్లేష్‌గాడు నా కొడుకుకు దాయాది, మూడు రోజులసంది మా ఇంటి ముందటికెల్లి తల వంచుకుని పోతాండు. పో. గానికి చెప్పు."

"కొడ్తడేమో అత్తా."

"కొడ్తే కొట్టనీ."

బాలస్వామి లేచి చెప్పులు వేసుకున్నాడు. పత్తి చేలో ఎల్లేష్ కలుపు తీస్తున్నాడు, వంగిన వీపు మాత్రం కనబడుతోంది. గట్టు దాటి బాలస్వామి సాళ్ల మధ్యకు దిగాడు. సగం దూరంలో ఎల్లేష్ లేచి నిలబడి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, వస్తున్నది ఎవరా అని చూశాడు.

"ఏందన్నా, గొర్లెట్లున్నయి?" అని కేకేశాడు.